ఏడో లైటు

నాలుగు ఫ్లడ్‌లైట్లు తెచ్చిన ఆటోల,
ఒక్కోటి యాభై వాట్లు,
కాజీపేట దర్గా రోడ్డు దాకా ఒళ్లె పెట్టుకొని.
గేటు కాడనే ఆపింది తహసీన్ మేడమ్.
ముప్పై ఏండ్లు కాలేజీల మొక్కల పాఠం చెప్పిన మనిషి,
అట్టడబ్బా తెరవకుండనే వాపస్ పంపింది.

"క్రికెట్ ఆడిస్తవా ఓదెలూ, నా జామచెట్టు కింద?"

పొద్దు గూకేదాక మెట్ల మీద కూసోబెట్టింది.
చాయ్ ఇచ్చింది. ఏం ముట్టకు, చూడు అన్నది.
పని లేకుండ కూసునుడు నాకు చేతగాదు,
టెస్టర్ జేబుల పెట్టుకుంట, మళ్ల తీసుకుంట
చూసిన.
ముందుగాల ఆకుల పచ్చ పోయింది,
తర్వాత కుండీల ఎరుపు.
గోడ మీది సున్నం మాత్రం చానాసేపు పోలేదు.
"పోయినయన్నీ వాపస్ పిలువకు," అన్నది,
"ఒకటి రెండు చాలు."

మర్నాడు పన్నెండు వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చిన,
మూడు వాట్ల బుడ్డ లైట్లు, ఏడు.
పసుపు వెలుతురువి. తెల్లటివి వద్దన్నది,
దవాఖాన యాదికొస్తదట.
జానెడు లోతు తవ్వి పైపుల వైరు పంపిన,
వాన నీళ్లు, చీమలు జొరకుండ
ప్రతి జాయింటుకు జిగురు పోసిన.
అది నా పని. దాంట్ల ఆమె మాట్లాడలే.

ఎక్కడ పెట్టాలె అనేదాంట్ల మాట్లాడింది, రెండు దినాలు.
దీపం కంట్ల పడొద్దు, చెట్టు పడాలె.
జామకు కింద నుంచి, బెరడు ఊడిన దిక్కు.
సీతాఫలానికి ఎనుక నుంచి, గోడ మీద నీడ పడేటట్టు:
"సగం చెట్టు నేను నాటిన, సగం నువ్వు నాటు."
మెట్లకు మోకాలి కింద, ఒక్కటే.
"కాలుకు ఎంత కావాలె?"
రాత్‌కీ రాణి కాడికి పట్టుకపోతే చెయ్యి అడ్డం పెట్టింది,
దానికి ముక్కున్నోళ్లు చాలట.
బాయి మూలకు అసలే వద్దు,
ఆడ కప్ప ఉంటది, దాని రాత్రి దానికి.

ఎట్లనో ఆరు అయినయి.
ఏడోది చేతుల మిగిలింది.

పెరట్ల ఒక గుండు.
ఇల్లు కట్టేనాడు మేస్త్రీ పేల్చేద్దామంటే
ఆమె పెనిమిటి ఒప్పుకోక గోడనే వంకర తిప్పిండట.
పగలంత ఉత్త గుండే. దుప్పట్లు ఆరేస్తది దాని మీద.
ఏదో ఒకటి కానీ అని
పక్క పొంటి, నేలకు ఆనించి,
వెలుతురు రాయిని రాసుకుంట పోయేటట్టు పెట్టి
స్విచ్చేసిన.

గుంటలు.
బొటనవేలంతయి, ఒక్క వరుసల, తొమ్మిది.
ఏటవాలుగ పోయి తొమ్మిదో కాడ ఆగినయి.

"నీళ్లు కోసినయా ఏంది?" అన్నది మేడమ్.
కాదు మేడమ్, చీలలు దించేటందుకు కొడతరు,
గుంటకు గుంట బెత్తెడు దూరం,
పన్నెండు పడితెగాని ఈ సైజుది పలగదు.
మడికొండ గుట్ట కింద మా నాయిన కొడుతుంటే
చెంబు పట్టుకొని నిలబడేటోన్ని,
దుమ్ము లేవకుండ గుంటల నీళ్లు పోస్తందుకు.
ఈడ కొట్టినాయన ఎవలో.
మూడు గుంటలు బాకీ పెట్టి ఎందుకు లేచిండో,
అన్నం యాళ్లయిందో, కూలి తెగలేదో,
ఉలి మొద్దువోయిందో.

ఆమె ఏం అనలే.
పోయి గుండు మీది దుప్పటి తీసి మడత పెట్టింది.
నేను లైటు రవ్వంత కిందికి వంచిన.
గుంటలు ఇంకింత లోతయినయి.

బిల్లు రాసిన: లైట్లు, వైరు, పైపు, లేబర్.
అద్దాలు పెట్టుకొని లెక్క కూడి
"ఏడు కదా?" అన్నది.
"ఆరే," అన్న.

గేటు దాటంగనే
రోడ్డు మీది తెల్లలైటు మొకాన కొట్టింది.
అంత వెలుతురుల
బండికి తాళం పెట్టే జాగ
చానాసేపు దొర్కలే.